సీహెచ్‌మాడ్ కొట్టినా ‘పర్మిషన్ డినైడ్’ ఎందుకు వస్తుంది?

భీమిలి నుంచి ఇంకో ఎపిసోడ్. వెనకాల హోరు వినిపిస్తోందంటే అది మైక్ ప్రాబ్లమ్ కాదు, సముద్రం. కిటికీ మూస్తే ఉక్కపోత, తెరిస్తే ఈ హోరు. సర్దుకోండి.

ఈ రోజు ఒక పజిల్‌తో మొదలెడదాం. మీ దగ్గర ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది. నాకు తెలిసిన డిప్లొమా, బీటెక్ ఫస్టియర్ పిల్లల్లో చాలామంది పరిస్థితి ఇదే. ల్యాబ్‌లో వారానికి దొరికే ఆ కాసేపు తప్ప మిగతా ప్రాక్టీసంతా ఫోన్‌లోనే. టెర్మక్స్ అని ఒక యాప్ ఉంది, అది ఆండ్రాయిడ్ ఫోన్‌లో లినక్స్ టెర్మినల్ ఇస్తుంది. దాన్ని వేసుకున్నారు. ఫోటోలు బ్యాకప్ తీసే చిన్న షెల్ స్క్రిప్ట్ రాశారు. బ్యాకప్ డాట్ ఎస్‌హెచ్ అని పేరు పెట్టి, ఫోన్ డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో సేవ్ చేశారు. టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌కి వెళ్లి డాట్, స్లాష్, ఫైల్ పేరు కొట్టారు. వచ్చింది మెసేజ్: పర్మిషన్ డినైడ్.

నెట్‌లో వెతికితే అందరూ చెప్పేది ఒకటే, సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్ కొట్టమని. కొట్టారు. మళ్లీ పర్మిషన్ డినైడ్. ఇంకెవరో 777 కొట్టమన్నారు. అదీ కొట్టారు. మళ్లీ అదే పాట. విసుగొచ్చి ముందు ‘బ్యాష్’ అని రాసి, స్పేస్ ఇచ్చి ఫైల్ పేరు కొడితే చక్కగా రన్ అయిపోయింది!

ఇదేటిది మరి? ఫైలు అదే, మనిషి అదే, ఫోన్ అదే. ఒక గుమ్మం దగ్గర లోపలికి రావద్దన్నారు, పక్క గుమ్మం దగ్గర రా బాబూ అన్నారు. చాలామంది రన్ అయింది కదా చాల్లే అని వదిలేస్తారు. నేను మాత్రం ఇక్కడే ఆగమంటాను. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే, మీ ఫోన్‌లో బ్యాంక్ యాప్ ఎందుకు సేఫ్‌గా ఉందో, మీ సర్టిఫికెట్ల స్కాన్‌లు ఎందుకు అంత సేఫ్‌గా లేవో కూడా తెలుస్తుంది.

ముందు బేసిక్స్, త్వరగా. ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ కొడితే ప్రతి ఫైల్ ముందు ఆర్, డబ్ల్యూ, ఎక్స్ అనే అక్షరాలు, మధ్యలో గీతలు కనిపిస్తాయి. మొదటి గుర్తు ఫైలా ఫోల్డరా అని చెబుతుంది. తర్వాతి తొమ్మిదీ మూడు మూడుగా చదవాలి. మొదటి మూడు ఓనర్‌వి, తర్వాతి మూడు గ్రూప్‌వి, చివరి మూడు మిగతా అందరివి. ఆర్ అంటే చదవొచ్చు, విలువ 4. డబ్ల్యూ అంటే మార్చొచ్చు, విలువ 2. ఎక్స్ అంటే రన్ చేయొచ్చు, విలువ 1. కలిపితే నంబర్ వస్తుంది. 755 అంటే ఓనర్‌కి మూడూ ఉన్నాయి, మిగతావాళ్లకి చదవడం, రన్ చేయడం మాత్రమే. ఇది ల్యాబ్ రికార్డులో మీరు ఎలాగూ రాసేస్తారు.

రికార్డులో ఎవరూ రాయనిది ఒకటి చెబుతాను. మన స్టీల్‌ప్లాంట్ గేటు లాంటిది ఊహించుకోండి. ఉద్యోగులకి ఒక లైను, కాంట్రాక్ట్ వాళ్లకి ఒక లైను, విజిటర్లకి ఒక లైను. మీరు ఉద్యోగి. మీ కార్డు బ్లాక్ అయింది. సరే, విజిటర్ లైన్లో నుంచుంటాను అంటే కుదరదు. మీరెవరో మొదటి లైన్లోనే తేలిపోయింది, అక్కడ కాదంటే కాదంతే. కెర్నెల్ కూడా ఇలాగే చూస్తుంది. ఓనర్ మీరే అయితే ఓనర్ అక్షరాలు మాత్రమే చూస్తుంది, కింద అందరికీ తలుపు బార్లా తీసి ఉన్నా పట్టించుకోదు. ఒక ఫైల్‌కి 044 పెట్టి చూడండి. ఊరంతా చదవగలరు, ఓనర్ తప్ప! తర్వాత సీహెచ్‌మాడ్‌తో మళ్లీ మార్చుకోవచ్చు లెండి, ఓనర్‌కి ఆ హక్కు ఎప్పుడూ ఉంటుంది.

ఫోల్డర్ల విషయంలో ఎక్స్ అర్థం వేరు. అక్కడ రన్ చేయడం అంటూ ఏమీ లేదు, లోపలికి అడుగు పెట్టడం అని అర్థం. అపార్ట్‌మెంట్ బయట నేమ్ బోర్డు ఉంటుంది కదా, అది చదవడం ఆర్. గేటు దాటడం ఎక్స్. ఆర్ ఉండి ఎక్స్ లేకపోతే ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి కానీ ఏ ఫైలూ తెరుచుకోదు. ఎక్స్ ఉండి ఆర్ లేకపోతే, ఫ్లాట్ నంబర్ ముందే తెలిసినవాడు నేరుగా వెళ్లిపోగలడు.

ఇప్పుడు అసలు సంగతి, స్క్రిప్ట్.

మీరు కొత్తగా ఏ టెక్స్ట్ ఫైల్ రాసినా దానికి ఎక్స్ రాదు. మామూలు సెట్టింగ్స్‌లో 644తో పుడుతుంది. నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసిన ఫైల్ కూడా అంతే. యూనిక్స్ వాళ్ల లెక్క ప్రకారం డేటా వేరు, ప్రోగ్రామ్ వేరు. ఏది ప్రోగ్రామో మనిషి తన చేత్తో చెప్పాలి. చివర డాట్ ఎస్‌హెచ్ ఉందా లేదా అన్నది కెర్నెల్‌కి అనవసరం, ఆ పేరు మన కోసం.

విండోస్‌లో కథ వేరు. అక్కడ ఫైల్ పేరు చివరి అక్షరాలను బట్టే, డబుల్ క్లిక్ చేస్తే ఏం జరగాలో నిర్ణయమవుతుంది. 2000 మే 4న ‘ఐ లవ్ యూ’ అని ఒక మెయిల్ ప్రపంచమంతా తిరిగింది, ఫిలిప్పీన్స్ నుంచి మొదలై. అటాచ్‌మెంట్ పేరు ‘లవ్ లెటర్ ఫర్ యూ డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్’. విండోస్ మామూలుగా చివరి ముక్కను దాచేస్తుంది కదా, కాబట్టి జనానికి కనిపించింది టెక్స్ట్ ఫైల్. ప్రేమలేఖ కదా అని తెరిచారు. అది విజువల్ బేసిక్ స్క్రిప్ట్. అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ తనను తానే పంపుకుంది. బ్రిటన్ పార్లమెంట్‌లో మెయిల్ సిస్టమ్ ఆపేయాల్సి వచ్చింది. ఎక్స్ అనే ఒక్క అడ్డు ఉండుంటే ఇదంతా ఆగేదని నేను అనను. కానీ తెరవడం, రన్ చేయడం ఒకే క్లిక్ అయిపోతే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

మీరు డాట్ స్లాష్ బ్యాకప్ డాట్ ఎస్‌హెచ్ అని ఎంటర్ కొట్టగానే ఏం జరుగుతుంది? షెల్ వెళ్లి కెర్నెల్‌ని అడుగుతుంది, ఈ ఫైల్‌ని రన్ చేయమని. ఆ సిస్టమ్ కాల్ పేరు ఎగ్జెక్‌వీఈ. కెర్నెల్ రెండు విషయాలు చూస్తుంది. ఒకటి, ఈ మనిషికి ఈ ఫైల్ మీద ఎక్స్ ఉందా? రూట్ యూజర్ అయినా సరే, ఆ మూడు ఎక్స్‌లలో కనీసం ఒకటైనా ఉండాలి. రూట్ దేన్నైనా చదవగలడు, రాయగలడు, కానీ ఎక్కడా ఎక్స్ లేని ఫైల్‌ని నేరుగా రన్ చేయలేడు. రెండు, ఈ ఫైల్ ఉన్న స్టోరేజ్‌ని నోఎగ్జెక్ అనే షరతుతో మౌంట్ చేశారా? అలా చేసి ఉంటే ఫైల్ మీద ఎన్ని ఎక్స్‌లు ఉన్నా దండగే.

పజిల్‌లో సగం ఇక్కడ తేలిపోయింది. ఆండ్రాయిడ్‌లో డౌన్‌లోడ్స్, కెమెరా, వాట్సాప్ ఫోటోలు ఇవన్నీ ఉండే షేర్డ్ స్టోరేజ్ ఉంది చూశారా, అది నోఎగ్జెక్. పైగా అక్కడ యూనిక్స్ పర్మిషన్లు నిజంగా ఉండవు. సిస్టమ్ ఏదో ఒక అంకె చూపిస్తుంది అంతే. అందుకే సీహెచ్‌మాడ్ కొట్టాక ఎల్‌ఎస్ హైఫన్ ఎల్‌తో మళ్లీ చూడండి, ఏమీ మారి ఉండదు. 777 కాదు కదా, ఇంకేం కొట్టినా మారదు. రూల్స్ ఫైల్‌వి కావు, అది నుంచున్న నేలవి. స్క్రిప్ట్‌ని టెర్మక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కడ సీహెచ్‌మాడ్ 700 కొట్టి రన్ చేయండి. వెళ్తుంది.

దీనికి ఒక చిన్న పిట్టకథ. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి గూగుల్ ఇంకో రూల్ పెట్టింది. ఆ వెర్షన్‌నో ఆ తర్వాతి వెర్షన్‌నో టార్గెట్ చేసే యాప్‌లు, తాము రాయగలిగే సొంత ఫోల్డర్‌లోని ఫైల్‌ని నేరుగా రన్ చేయకూడదు. టెర్మక్స్ బతికేదే దాని మీద! అందుకే వాళ్లు పాత టార్గెట్ దగ్గరే ఆగిపోయారు. ప్లే స్టోర్‌లో 2020 తర్వాత చాలాకాలం అప్‌డేట్‌లు ఆగిపోయాయి, జనం ఎఫ్‌డ్రాయిడ్ నుంచి దించుకోవాల్సి వచ్చింది. మీ సీనియర్లు ‘ప్లే స్టోర్‌ది పనిచేయదురా’ అనేవాళ్లు కదా, కారణం ఇదీ.

సరే, రెండు పరీక్షలూ పాసయ్యాం. తర్వాత కెర్నెల్ ఫైల్ మొదటి కొన్ని బైట్లు చదువుతుంది. కంపైల్ చేసిన ప్రోగ్రామ్ అయితే మొదట్లో ఈఎల్‌ఎఫ్ అనే గుర్తు ఉంటుంది. స్క్రిప్ట్ అయితే మొదటి రెండు అక్షరాలు హ్యాష్, ఆశ్చర్యార్థకం. దీన్నే షెబ్యాంగ్ అంటారు. 1980లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ పెట్టిన ఏర్పాటు ఇది. ఆ గుర్తు పక్కన ఏ ప్రోగ్రామ్ పేరు ఉంటే కెర్నెల్ ఆ ప్రోగ్రామ్‌ని లేపి, మీ ఫైల్ పేరు దాని చేతికిస్తుంది. ‘ఇదిగో, నువ్వే చదువుకో’ అని. అంటే మీ స్క్రిప్ట్ తనంతట తాను ఎప్పుడూ రన్ అవ్వదు. రన్ అయ్యేది బ్యాష్. మీ స్క్రిప్ట్ బ్యాష్ చదువుకునే చీటీ.

ఇప్పుడు మిగతా సగం పజిల్ చూడండి. మీరే ముందు బ్యాష్ అని రాసి ఫైల్ పేరు ఇచ్చినప్పుడు, కెర్నెల్‌ని రన్ చేయమని అడిగింది దేన్ని? బ్యాష్‌ని. దానికి ఎక్స్ ఉంది, అది ఉన్న చోటు కూడా మంచిదే. మీ ఫైల్‌ని రన్ చేయమని ఎవరూ అడగలేదు, బ్యాష్ దాన్ని తెరిచి చదివింది అంతే. చదవడానికి ఆర్ చాలు.

అందుకే నా మాట ఏంటంటే, స్క్రిప్ట్ విషయంలో చదవగలిగినవాడు రన్ చేయగలడు. ఎక్స్ తీసేసి స్క్రిప్ట్‌ని లాక్ చేశాను అనుకోవద్దు. రివర్స్ కూడా నిజమే. కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌కి ఎక్స్ ఒక్కటే ఉన్నా రన్ అవుతుంది, స్క్రిప్ట్‌కి ఎక్స్ ఉండి ఆర్ లేకపోతే అవ్వదు, ఎందుకంటే పాపం బ్యాష్ దాన్ని చదవాలి కదా.

మరి ఎక్స్ ఎందుకయ్యా అంటే, అది తాళం కాదు, ‘ఇది నువ్వు కావాలనే చేస్తున్నావా’ అనే ప్రశ్న. అసలు తాళం ఇంకోచోట ఉంది. రన్ చేసేది ఎవరి పేరు మీద అన్నదే ఆ తాళం. స్క్రిప్ట్‌లో ఏం రాసి ఉన్నా, అది రన్ చేసిన యూజర్ చేయగలిగినంతే చేయగలదు, అంతకు మించి కాదు.

ఫోన్‌లో ఈ యూజర్ ఎవరు? ఇది నాకు చాలా నచ్చే విషయం. యూనిక్స్ పుట్టినప్పుడు ఒక పెద్ద కంప్యూటర్‌ని చాలామంది పంచుకునేవాళ్లు, అందుకే యూజర్లు, గ్రూపులు వచ్చాయి. ఫోన్ వాడేది ఒక్కరే. ఆండ్రాయిడ్ వాళ్లు ఏం చేశారంటే, ఒక్కో యాప్‌కీ ఒక్కో యూజర్ నంబర్ ఇచ్చేశారు. టెర్మక్స్‌లో ‘హూ యామ్ ఐ’ కొట్టండి. మీ పేరు రాదు. యూ సున్నా, అండర్‌స్కోర్, ఏ, తర్వాత ఒక అంకె వస్తుంది. అది టెర్మక్స్ పేరు. మీ ఫోన్‌పే ఒక యూజర్, వాట్సాప్ ఇంకో యూజర్. ఒకళ్ల ప్రైవేట్ ఫోల్డర్‌లోకి ఇంకొకళ్లు వెళ్లలేరు. దీని మీద ఎస్‌ఈలినక్స్ అని ఇంకో కాపలా ఉంది. యాభై ఏళ్ల నాటి ఆ ఓనర్ లెక్కే ఈ రోజు మీ బ్యాంక్ యాప్‌ని కాస్తోంది.

కాబట్టి టెర్మక్స్‌లో ఒక చెడ్డ స్క్రిప్ట్ రన్ చేస్తే బ్యాంక్ యాప్ ఫోల్డర్ దానికి అందదు, ఫోన్ రూట్ చేసి ఉండకపోతే. అయితే ఊపిరి పీల్చుకోకండి. టెర్మక్స్‌కి మీరు స్టోరేజ్ పర్మిషన్ ఇచ్చి ఉంటారు కదా? ఇప్పుడు మీ డౌన్‌లోడ్స్‌లో ఏమున్నాయో గుర్తు తెచ్చుకోండి. ఆధార్ పీడీఎఫ్, టెన్త్ మార్కుల మెమో, అమ్మ పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో, స్కాలర్‌షిప్ కోసం తీసిన ఇన్‌కమ్ సర్టిఫికెట్. ఇవన్నీ టెర్మక్స్ చదవగలదు. టెర్మక్స్ చదవగలిగిందంతా ఆ స్క్రిప్ట్ చదవగలదు, చదివి బయటికి పంపగలదు.

‘ఈ ఒక్క లైన్ పేస్ట్ చేయండి, హ్యాకింగ్ టూల్ వచ్చేస్తుంది’ అని వీడియోలు ఉంటాయి. ఆ లైన్లో కర్ల్ అని ఉంటుంది, ఒక లింకు, మధ్యలో ఒక నిలువు గీత, చివర బ్యాష్. నెట్ నుంచి టెక్స్ట్ తెచ్చి, ఫైల్‌గా కూడా సేవ్ చేయకుండా నేరుగా బ్యాష్ నోట్లో పోయడం అది. ఫైలే లేదు కాబట్టి ఎక్స్ ప్రశ్నే రాలేదు. కెర్నెల్ మిమ్మల్ని ఏమీ అడగలేదు. పేరున్న ప్రాజెక్టులు కూడా ఇలా ఇన్‌స్టాల్ చేయమంటాయి, నేనూ కొన్నిటిని వాడతాను, కానీ ముందు ఫైల్‌గా దించుకుని, లెస్ కమాండ్‌తో తెరిచి చదివాకే. చదివితే అర్థం కాలేదా? ఆ స్క్రిప్ట్ వదిలేయండి.

టెర్మక్స్ వాడనివాళ్లు మనకేం లే అనుకోవద్దు. వాట్సాప్‌లో ‘ఆర్‌టీఓ చలాన్ డాట్ ఏపీకే’, ‘పీఎం కిసాన్ డాట్ ఏపీకే’, పెళ్లి శుభలేఖ పేరుతో ఇంకో ఏపీకే వస్తాయి. ఏపీకే అంటే ఫోటో కాదు, పీడీఎఫ్ కాదు, ప్రోగ్రామ్. ‘ఈ సోర్స్ నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతించాలా’ అని ఫోన్ అడుగుతుంది చూశారా, అది ఆండ్రాయిడ్ వెర్షన్ ఎక్స్. దానికి సరే అని, తర్వాత ఎస్‌ఎంఎస్ పర్మిషన్‌కీ సరే అంటే ఓటీపీలు ఇచ్చేసినట్టే. ఇంట్లో నాన్నగారి ఫోన్లో వాట్సాప్‌కి, క్రోమ్‌కి ఆ అనుమతి ఆన్ అయి ఉందేమో ఈ రోజే చూడండి. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతికితే దొరుకుతుంది. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు 777 గురించి. నేను ఉద్యోగం చేసిన ఒకచోట, పేరు అనవసరం, సర్వర్‌లో రాత్రి రెండింటికి ఒక బ్యాకప్ స్క్రిప్ట్ నడిచేది. క్రాన్‌లో పెట్టారు, రూట్ పేరు మీద. ఎప్పుడో ఎవరికో పర్మిషన్ డినైడ్ వచ్చినట్టుంది, దానికి 777 కొట్టి వదిలేశారు. ఎక్స్ గురించి కాదు నా భయం, డబ్ల్యూ గురించి. ఆ సర్వర్‌లో ఉన్న ఏ యూజరైనా, వెబ్‌సైట్‌ని నడిపే యూజర్‌తో సహా, ఆ ఫైల్ చివర ఒక లైన్ రాసి పెట్టొచ్చు. రాత్రి రెండింటికి ఆ లైన్ రూట్‌గా నడుస్తుంది. అంటే వెబ్‌సైట్‌లో చిన్న కన్నం దొరికినవాడికి తెల్లారేసరికి మొత్తం మెషీన్ దొరుకుతుంది. ఫైల్‌ని 700 చేసి, ఓనర్‌ని రూట్ చేయడానికి పది సెకన్లు పట్టింది. అది ఎందుకు చేయాలో మేనేజర్‌కి అర్థమయ్యేలా చెప్పడానికి రెండు మీటింగ్‌లు పట్టాయి. ‘ఇన్నాళ్లూ ఏం కాలేదు కదా’ అన్నదే ఆయన వాదన.

ఇంకో రెండు ఎర్రర్లు చెప్పి ముగిస్తాను, ఇవి పర్మిషన్ సమస్యల్లా కనిపించి ఏడిపిస్తాయి. ఫైల్ కళ్లముందే ఉంది, ఎక్స్ ఉంది, అయినా ‘నో సచ్ ఫైల్’ అనో ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అనో వస్తుంది. లేనిది మీ ఫైల్ కాదు, షెబ్యాంగ్‌లో మీరు రాసిన ప్రోగ్రామ్. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసిన స్క్రిప్ట్ అయితే లైన్ చివర కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ ఉండిపోయి, బ్యాష్ పేరుకి తోకలా అంటుకుంటుంది. డాస్‌టుయూనిక్స్ కమాండ్‌తో పోతుంది. రెండోది గిట్. గిట్ మొత్తం తొమ్మిది అక్షరాలనీ దాచుకోదు, ఎక్స్ ఉందా లేదా అన్నది మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. విండోస్ ల్యాప్‌టాప్ నుంచి పుష్ చేస్తే అది కూడా మామూలుగా ఉండదు. మీ ప్రాజెక్ట్ సర్వర్‌లో 126 అనే ఎగ్జిట్ కోడ్‌తో ఆగిపోతే కారణం ఇదే కావచ్చు. 126 అంటే ఫైల్ దొరికింది కానీ రన్ చేయలేకపోయాను, 127 అంటే అసలు దొరకలేదు.

ఇక, ఎప్పుడో కంగారులో మొత్తం ప్రాజెక్ట్ ఫోల్డర్‌కి 777 కొట్టేసినవాళ్ల కోసం. క్యాపిటల్ ఎక్స్ వాడి సరిచేయొచ్చు అని కొందరు చెబుతారు. అదొక్కటే చాలదు. క్యాపిటల్ ఎక్స్ ఫోల్డర్లకీ, ఇప్పటికే ఎక్స్ ఉన్న ఫైళ్లకీ ఎక్స్ ఇస్తుంది, 777 తర్వాత అన్నిటికీ ఎక్స్ ఉంది కదా. ఫైండ్ కమాండ్‌తో రెండుసార్లు వెళ్లండి. మొదట టైప్ డీ అని ఫోల్డర్లను వెతికి 755, తర్వాత టైప్ ఎఫ్ అని ఫైళ్లను వెతికి 644. చివర్లో మీ స్క్రిప్ట్‌లకు మాత్రం ఒక్కోదానికీ చేత్తో ఎక్స్ ఇచ్చుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో సుడో గురించి మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్, బై.